మెట్ల మీద తెగే కాల్

ఇళ్లలో వైఫై బిగించే పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ కంపెనీ డబ్బా మంచిదని. ముప్పై ఏళ్లకు దగ్గరగా ఈ పని చేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నాను కాబట్టి నా దగ్గర ఏదో రహస్యం ఉందనుకుంటారు. డబ్బాలన్నీ దాదాపు ఒకటే. ఇల్లు వేరు, ఆ ఇంట్లో మనుషులు తిరిగే తీరు వేరు. ఆ రెండూ తెలుసుకోకుండా బిగిస్తే ఎంత మంచి డబ్బా అయినా గోడకు అలంకారమే.

నా పేరు సుశీల. మా నాన్నగారు ప్రభుత్వోద్యోగం మీద తెనాలి నుంచి వచ్చి మలక్‌పేటలో స్థిరపడ్డారు. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, ఆఫీసుల్లో కంప్యూటర్లకు కేబుళ్లు లాగే ఒక చిన్న సంస్థలో చేరాను. కొన్నాళ్లకు వైఫై వచ్చింది. ఆఫీసుల పని ఇళ్లకు పాకింది. పాతబస్తీలో స్థలం పక్కకు పెరగదు, అందుకని ఇళ్లు పైకి పెరుగుతాయి. తాతలు కట్టిన రాతి గోడల మీద తండ్రి ఒక అంతస్తు, కొడుకు ఇంకో అంతస్తు వేస్తారు. అలాంటి ఇళ్లలో కింది నుంచి పైకి ఫోను మాట్లాడుతూ వెళితే కాల్ తెగకుండా చూడటమే నా పనిలో ముప్పాతిక వంతు.

ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందో రాయను. నాకు పని నేర్పిన ఒక మనిషి గురించి, పని బాగా వచ్చాక నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను.

రహీం సార్ పరీక్ష

ఆ సంస్థలో మా పెద్ద టెక్నీషియన్ రహీం సార్. పాతబస్తీలోనే పుట్టి పెరిగిన మనిషి. ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో ముగించేవారు. నేను ఒంటరిగా చేసిన మొదటి మూడంతస్తుల ఇల్లు చూడటానికి ఆయన వచ్చారు. ప్రతి అంతస్తులోనూ ఫోను తీసి చూపించాను. అన్నిచోట్లా సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి.

"గీతలు నాకెందుకమ్మా," అన్నారాయన. "నువ్వు కింద నించి నాకు కాల్ చెయ్. మాట్లాడుకుంట పైకి రా. ఆగకు."

డాబా మీద ఆయన కూర్చున్నారు. నేను పొద్దున తిన్న టిఫిన్ దగ్గర్నుంచి బస్సులో జరిగిన గొడవ దాకా చెప్పుకుంటూ మెట్లెక్కాను. పైకి చేరాక ఆయన అడిగారు, "బస్సుల ఏమైంది?"

"చెప్పాను కదండీ, సార్."

"టిఫిన్ వినొచ్చింది. బస్సు వినరాలే. ఒక్కో అంతస్తుల నిలబడి చూసినవ్ నువ్వు. మనుషులు నిలబడి ఉండరు. నడుస్తరు."

ఆ రోజు ఆయన చెప్పిందే ఈ విద్యకు మూలం. ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు ఎప్పుడు మారాలో నిర్ణయించేది డబ్బా కాదు, ఫోను. "ఫోను జిద్ది," అనేవారాయన. "ఒకసారి ఒక డబ్బా చెయ్యి పట్టుకున్నదంటే జల్ది ఇడవదు. పక్కన ఇంకోటి నిలబడి పిలిచినా చెవిన పెట్టదు. చెయ్యి జారేదాకా ఆగి, జారినంక దేవులాడుకుంటది. ఆ దేవులాడేటప్పుడే, ఇంకో డబ్బాను ఎతికేటప్పుడే, కాల్ తెగుతది."

రహీం సార్ రిటైరయ్యాక వచ్చిన మేనేజరు వేరే రకం. కస్టమర్ ముందు తప్పు ఒప్పుకోకూడదన్నది ఆయన మొదటి సూత్రం. ఏ ఇంటి నుంచి ఫిర్యాదు వచ్చినా "మా వైపు అంతా బాగుంది, మీ ఫోనులోనే ఏదో ఉంది" అని చెప్పమనేవారు. ఆరేళ్లు ఆయన కింద చేశాను. ఆ మాట నా నోటికి కూడా అలవాటైంది. తర్వాత బయటికొచ్చి సొంతంగా పని పెట్టుకున్నాను గానీ, నోటికి పట్టిన మాట అంత తేలిగ్గా పోలేదు.

లోపలి గదులు

ఆడదాన్ని కావడం ఈ పనిలో నాకు ఒక మేలు చేసింది. పాతబస్తీలో చాలా ఇళ్లలో, హిందువులవైనా ముస్లింలవైనా, బయటి మగవాడు ముందు గది దాటి వెళ్లడు. అందుకని వాళ్లు పిలిచిన ప్రతి టెక్నీషియనూ డబ్బాను ముందు గదిలో బిగించి వెళ్లిపోయేవాడు. ఆ గదిలో పగలంతా ఎవరూ ఉండరు. ఇల్లంతా వంటింట్లో, వెనక వరండాలో, పై గదుల్లో ఉంటుంది. నన్ను నేరుగా లోపలికి పిలిచేవారు. పిండి కలుపుతూనో బట్టలు మడతపెడుతూనో ఎక్కడ సినిమా ఆగిపోతుందో, ఎక్కడ పిల్ల క్లాసు తెగిపోతుందో చూపించేవారు. కొత్తవాళ్లకు నా మాట ఇదే. ఇంటి పెద్ద చెప్పేది వినండి. తర్వాత ఇల్లు నడిపేవాళ్లను అడగండి.

ఇంత తెలిసినదాన్ని కిషన్ సేటు ఇంట్లో అడగలేదు.

గాజుల ఇల్లు

కిషన్ సేటుది పురానాపూల్ వైపు వెళ్లే ఒక గల్లీలో నాలుగంతస్తుల ఇల్లు. తాతల నాటి నుంచి గాజుల హోల్‌సేల్ వ్యాపారం. కింద దుకాణం, మొదటి అంతస్తులో గోదాము, రెండో దానిలో సేటు, ఆయన భార్య. మూడో దానిలో కొడుకు రమేష్, కోడలు అనిత. ఆపైన డాబా. అన్నింటినీ కలుపుతూ వెనక వైపు ఇరుకైన మెట్లు.

అనితకు పుట్టుకతోనే వినపడదు. మాట్లాడేది చేతులతో. రమేష్ పెళ్లయ్యాక ఆ భాష నేర్చుకున్నాడు. సేటు నేర్చుకోలేదు. ఆమెతో బడిలో చదువుకున్నవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు, చాలా ఊళ్లలో చిన్న చిన్న గాజుల కొట్లు నడుపుతున్నారు. వాళ్లూ వినపడనివాళ్లే. తమ భాషలో బేరం చేసే హోల్‌సేల్ దుకాణం ఇదొక్కటే కాబట్టి సరుకంతా అనిత దగ్గరే తీసుకుంటారు. వీడియో కాల్‌లో చేతులతో మాట్లాడుకుంటూ ఆర్డరు ఇస్తారు. ఆ వ్యాపారం మామగారు ఇచ్చింది కాదు, భర్త ఇచ్చింది కాదు. ఆమె సొంతంగా కూడగట్టుకున్నది.

చేతులు రెండూ ఖాళీగా ఉండాలని ఆమె ఫోనును ఒక స్టాండుకు బిగించి మెడలో వేసుకునేది. దుకాణంలో కొత్త రకాలు చూపించి, గోదాములో సైజులు ఉన్నాయో లేదో చూసి, చివరికి రెండు గాజులు పట్టుకుని డాబా మీదికి వెళ్లేది. దుకాణం లైట్ల కింద మెరూన్ కూడా ఎరుపులాగే ఉంటుంది. అసలు రంగు ఎండలోనే తెలుస్తుంది. ఒక్క ఆర్డరుకు ఆ మెట్లన్నీ ఎక్కి దిగాల్సిందే, కాల్ నడుస్తుండగానే.

ఆమెకు వినపడదన్నది తప్ప ఇవేవీ నాకు మొదట తెలియవు. మొదటిసారి వెళ్లినప్పుడు సేటు చెప్పిందల్లా "పైన నెట్ వస్తలేదు మేడం" అని. అంతస్తుకు ఒకటి చొప్పున నాలుగు యాక్సెస్ పాయింట్లు, అంటే పైకప్పుకు బిగించే తెల్లటి గుండ్రటి డబ్బాలు, పెట్టాలని నిర్ణయించాను. అన్నింటికీ కేబుల్ లాగాను. గోదాములో మెట్ల వైపు పైకప్పు చూపిస్తే సేటు ఒప్పుకోలేదు.

"గీడ పెడితే నిచ్చెనకు తగుల్తది మేడం. ఆ ఇనుప ర్యాకుల ఎనక పెట్టుండ్రి."

ఇనుప ర్యాకులు సిగ్నల్‌ను ఆపేస్తాయని నాకు తెలుసు. కానీ పెద్దాయన, మర్యాదస్తుడు, వచ్చినప్పటి నుంచి రెండుసార్లు చాయ్ తెప్పించాడు. కాదనలేకపోయాను. ఆ లోటు పూడ్చడానికి నాలుగు డబ్బాల పవరూ పూర్తిగా పెంచేశాను. ఫోను పట్టుకుని కింది నుంచి పైకి నడిచి చూశాను. బాగానే ఉంది. రహీం సార్ చెప్పింది మరిచిపోలేదు, నడిచాను. కాకపోతే నా ఫోను పట్టుకుని, నా నడక నడిచాను.

"మేడం గూడ చెప్పవట్టె"

మూడు వారాల తర్వాత రమేష్ ఫోన్ చేశాడు. "మేడం, ఒక్కపారి వచ్చి చూడుండ్రి. ఇంట్ల లొల్లి అయితున్నది."

జరిగింది ఇది. నిజామాబాదులో సరోజ అనే ఆమె అనితతో చదువుకుంది, అక్కడ గాజుల కొట్టు నడుపుతోంది. ఒక పెళ్లివారికి గాజులు కావాలని కాల్ చేసింది. మొదట రెండు-ఆరు సైజు అని చెప్పి, వెంటనే కాదు, రెండు-నాలుగు అని సరిచేసింది. ఆ సరిచేసిన క్షణంలో చిత్రం ఆగింది. అనితకు మొదటి సైజే కనిపించింది. పార్సిల్ వెళ్లింది. పెళ్లికూతురి చేతికి అన్నీ వదులు. సరోజ అప్పటికప్పుడు వేరే చోట కొని ఇవ్వాల్సి వచ్చింది. అంతకుముందు కూడా రెండు ఆర్డర్లు ఇలాగే తప్పాయి.

వినేవాళ్లకు కాల్ తెగితే తెలిసిపోతుంది. గరగర వినపడుతుంది, ఏమన్నావని మళ్లీ అడుగుతాం. చేతులతో మాట్లాడేవాళ్లకు చిత్రం ఆగితే అవతలి మనిషి ఆలోచిస్తూ నిలబడినట్టే ఉంటుంది. మధ్యలో పోయిన మాట పోయినట్టు తెలియదు.

నేను వెళ్లేసరికి రెండో అంతస్తు గదిలో సేటు, రమేష్ ఉన్నారు. అనిత గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నేను రమేష్‌కు వైఫై మీద వాయిస్ కాల్ చేసి, మాట్లాడుతూ కింది దాకా దిగి మళ్లీ ఎక్కాను. మెట్ల మీద ఒకచోట చిటుక్కుమన్నట్టు అనిపించింది. మిగతాదంతా వినపడింది. గదిలోకి వచ్చి, మేనేజరు దగ్గర అలవాటైన గొంతుతోనే చెప్పాను: "నెట్‌వర్క్ బాగానే ఉందండీ."

సేటు కొడుకు వైపు తిరిగాడు. "ఇన్నవా? మేడం గూడ చెప్పవట్టె. నెట్ మంచిగనే ఉన్నది. ఈ పని ఆ పిల్లతోని కాదురా. ఇగ ఇడిచిపెట్టుమను. ఆర్డర్లు మెసేజీలు పెట్టుమందాం, నువ్వు చూసుకో."

"వాళ్లు మెసేజీలు పెట్టరు బాపు," అన్నాడు రమేష్. "అనిత ఉన్నదనే మన దగ్గర కొంటున్నరు."

"పెళ్లిళ్ల సీజన్ల మన పేరు ఖరాబైతే ఎవరు కొంటరు మరి?"

అనిత వాళ్ల పెదవులను చూస్తూనే ఉంది. అంతా అర్థమైందని ఆమె ముఖం చూస్తే తెలిసింది. ఏడవలేదు. గదిలోకి వచ్చి నా మణికట్టు పట్టుకుని మెట్ల దగ్గరికి తీసుకెళ్లింది.

గోడ మీద బాణాలు

మెట్ల పక్క సున్నం గోడ మీద పెన్సిల్ గుర్తులు ఉన్నాయి. ఇందాక దిగి ఎక్కినప్పుడు వాటిని చూశాను, ఎవరో పిల్లలు గీశారనుకున్నాను. సేటు భార్య వాటిని ఒకసారి తడిగుడ్డతో తుడిచేసిందట కూడా. దగ్గరికి వెళ్లి చూస్తే అన్నీ చిన్న చిన్న బాణాలు. కొన్ని పైకి, కొన్ని కిందికి. చిత్రం ఆగిన ప్రతిసారీ, ఆ మెట్టు పక్కన, తను వెళుతున్న వైపుకు అనిత ఒక బాణం గీసింది.

పైకి చూపే బాణాలన్నీ గోదాము గుమ్మం దాటాక ఐదారు మెట్ల పైన గుంపుగా ఉన్నాయి. కిందికి చూపేవన్నీ గోదాము గుమ్మానికి నాలుగు మెట్ల కింద ఉన్నాయి.

అక్కడ సిగ్నల్ అందని చోటు ఉంటే, ఎక్కినా దిగినా ఒకేచోట ఆగాలి. ఎక్కేటప్పుడు పైన, దిగేటప్పుడు కింద ఆగుతోందంటే, ఫోను పాత డబ్బాను పట్టుకుని గోదామును దాటిపోతోందన్నమాట. ఎక్కేటప్పుడు దుకాణం డబ్బాను, దిగేటప్పుడు రెండో అంతస్తు డబ్బాను. మధ్యలో గోదాము డబ్బా ర్యాకుల వెనక గొంతు నొక్కుకుపోయి ఉంది. పరికరాలు పెట్టి రెండు రోజులు కొలిస్తే నాకు తెలిసే విషయాన్ని ఆమె ఒక పెన్సిల్‌తో గోడ మీద రాసి పెట్టింది.

ఆమె మెడలోని స్టాండు అడిగి తీసుకున్నాను. కిందికి దిగి, ఆమె ఫోనే పెట్టుకుని రమేష్‌కు వీడియో కాల్ చేసి మెట్లెక్కాను. గోదాము దాటాక ఆరో మెట్టు మీద రమేష్ ముఖం ఆగిపోయింది. మనసులో నాలుగు లెక్కపెట్టాక మళ్లీ కదిలింది. నా ఫోను చేతిలో ఎత్తి పట్టుకున్నప్పుడు ఇది జరగలేదు. ఛాతీ మీద వేలాడే ఫోనుకు మనిషి ఒళ్లే అడ్డు. పైగా ఆమెది పాత ఫోను, మారడానికి ఇంకాస్త ఆలస్యం చేస్తుంది.

అన్నింటికీ మించి, పవర్ పెంచడం నా తప్పు. డబ్బా గొంతు పెంచాను, ఫోను గొంతు అలాగే ఉంది. దుకాణం డబ్బా కేక పై మెట్ల దాకా వినపడుతుంటే ఫోను దాన్నే నమ్ముకుని ఉంది. ఫోను జవాబు మాత్రం కింది దాకా చేరడం లేదు. గీతలు నిండుగా కనిపిస్తూనే మాట ఆగిపోవడానికి కారణం ఇదే.

గదిలోకి తిరిగి వెళ్లాను. ఆ పది అడుగులు నాకు బాగా గుర్తున్నాయి. పాతబస్తీలో పని నోటిమాట మీద వస్తుంది. గాజుల సేటు ఒకరితో అంటే గల్లీ మొత్తం అన్నట్టే.

"సేటు గారూ, ఇందాక నేను చెప్పింది తప్పు. నెట్‌వర్క్ బాగాలేదు. బిగించడంలోనే తప్పు చేశాను. మీ కోడలి తప్పు ఏమీ లేదు."

"ఇప్పుడే గద మంచిగున్నదన్నరు," అన్నాడాయన.

"సరిగా చూడకుండా అన్నాను."

"మరి ఆ మూడు ఆర్డర్లు?"

"చిత్రం ఆగినప్పుడు పోయిన మాటలవి. ఎక్కడ ఆగుతోందో మీ కోడలు గోడ మీద గుర్తులు పెట్టింది. వచ్చి చూడండి."

వచ్చాడు. ఒక్కో బాణం మీద వేలు పెట్టి చూస్తూ కింది దాకా దిగాడు. "గివి పిల్లలు గీసిండ్రనుకున్న," అన్నాడు.

మార్చింది ఇంతే

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. గోదాము డబ్బాను ర్యాకుల వెనక నుంచి తీసి మెట్ల వైపు పైకప్పుకు మార్చాను. నిచ్చెన సంగతి సేటు ఎత్తలేదు. నాలుగు డబ్బాల పవరూ తగ్గించాను. ఒకదాని హద్దు ముగిసే చోట రెండోది కొద్దిగా కలిసేలా, ఆ కలిసే చోటు మెట్ల మలుపులో పడేలా చూశాను. ఒకదాని మాటకు ఇంకొకటి అడ్డురాకుండా ఛానెళ్లు వేరు చేశాను. డబ్బా మారినప్పుడు ఫోను మళ్లీ మొదటి నుంచి పాస్‌వర్డు తతంగమంతా నడపకుండా, త్వరగా చేతులు మారే సెట్టింగు వేశాను. దాంతో దుకాణంలో పాత బిల్లు మెషిన్ కలవడం మానేసింది. ఇలాంటి పాత వస్తువు ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుంది, దాన్ని వెతికి చూసుకోవాలి. దానికోసం వేరే పేరుతో ఇంకో నెట్‌వర్క్ పెట్టాను.

పవర్ తగ్గిస్తే పని బాగవుతుందంటే కస్టమర్లు నమ్మరు. కొత్త టెక్నీషియన్లు కూడా నమ్మరు. ఎక్కువ పవర్ ఒకచోట నిలబడేవాళ్లకు బాగుంటుంది. నడిచేవాళ్లకు కావలసింది సరైన చోట చేయి వదిలే డబ్బా.

ఈసారి పరీక్ష నేను చేయలేదు. అనిత స్టాండు మెడలో వేసుకుని సరోజకు కాల్ చేసింది. ఇద్దరూ చేతులు ఆడిస్తుంటే నాకు ఒక్క మాటా అర్థం కాలేదు. దుకాణం, గోదాము, మలుపు. ఆరో మెట్టు దగ్గర నేను వెనక నుంచి తెర వైపు తొంగి చూశాను. సరోజ చేతులు ఆగలేదు. అనిత డాబా దాకా వెళ్లి దిగివచ్చింది. మళ్లీ ఎక్కింది. నాలుగోసారి దిగేటప్పుడు సరోజ ఏదో అంది, అనిత మెట్ల మీదే నిలబడి నవ్వింది.

సేటు దుకాణంలో గల్లాపెట్టె దగ్గర ఉన్నాడు. అనిత కిందికి రాగానే లేచి, ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు. పెదవులు కనపడేలా నెమ్మదిగా చెప్పాడు. "ఆర్డర్లు నువ్వే చూడు బిడ్డా."

ఆమె తలూపింది. రమేష్ వైపు తిరిగి చేతులతో ఏదో చెప్పింది.

"సరోజకు సరైన సైజు పెట్టెలు ఇయ్యాల్నే పోవాలంటున్నది బాపు," అన్నాడు రమేష్. "తప్పు మన ఇంట్ల జరిగింది అంటున్నది."

"పోనియ్," అన్నాడు సేటు. పెట్టెలు తేవడానికి తనే గోదాముకు మెట్లెక్కాడు.

నేను సంచి సర్దుకుంటుంటే అనిత ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. తెలుగులో గుండ్రటి అక్షరాలు. "ఇప్పుడు బాగుంది. మొదటి రోజే నన్ను ఎందుకు అడగలేదు?"

సమయం లేదనో, రమేష్ చెబుతాడనుకున్నాననో రాయవచ్చు. రెండూ అబద్ధాలే. ఆమెకు వినపడదని తెలిసిన క్షణం నుంచి ఆ ఇంట్లో సేటునూ రమేష్‌నూ మాత్రమే అడిగాను. పెన్ను తీసుకుని రాశాను. "అడగాలని తోచలేదు. తప్పు నాదే."

ఆమె చదివింది. ఫర్వాలేదని రాయలేదు. కింద ఇంకో వాక్యం రాసింది. "ఈసారి వస్తే ముందు నా దగ్గరికి రండి."

రిటైరయ్యేదాకా ఏడాదికి రెండు మూడుసార్లు ఆ ఇంటికి వెళ్లాల్సి వచ్చేది. వెళ్లిన ప్రతిసారీ దుకాణంలో సేటుకు నమస్కారం పెట్టి, చాయ్ తర్వాత తాగుతానని చెప్పి, నేరుగా మూడో అంతస్తుకు వెళ్లేదాన్ని.